బురద మడిలో చైన్ మిషన్ జారకుండా, దిగబడకుండా నడపాలంటే

చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే కోత మిషన్, పొక్లెయిన్ లాంటివి) కదా, ఎంత బురదైనా పోతుందిలే అని నేరుగా మడిలోకి దించేస్తుంటారు. టైర్ మిషన్ కంటే చాలా దూరం పోతుంది, నిజమే. కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక జారుతుంది, జారినకొద్దీ తవ్వుకుంటుంది, పొట్ట బురదకు ఆనిందంటే ఇక కదలదు. అప్పుడు దాన్ని లాగడానికి ఇంకో మిషన్ రావాలి, సగం రోజు పోతుంది, వైరు రోపు తెగితే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆపరేటర్‌కు టెన్షన్, గంట లెక్కన కిరాయి కట్టే రైతుకు అంతకంటే ఎక్కువ టెన్షన్. కోత మిషన్ నడిపేవాళ్లకు, దాన్ని పిలిపించుకునే రైతులకు, చెరువుల్లో పూడిక తీసే పొక్లెయిన్ వాళ్లకు పనికొస్తుందని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

మన ఉమ్మడి నల్గొండలో ఈ సమస్య ఎక్కువగా రావడానికి కారణాలు అందరికీ తెలిసినవే. సాగర్ ఎడమ కాల్వ కింద హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కాల్వ పారినన్నాళ్లు పక్క పొలాలు జాలు పడతాయి, అంటే పక్క నుంచి నీళ్లు ఊరి తడిగానే ఉంటాయి. మిర్యాలగూడ మిల్లులు పచ్చి వడ్లు కొంటాయి కాబట్టి పొలం ఆరేదాకా, గింజ ఎండేదాకా ఆగేవాళ్లు తక్కువ, కోసింది కోసినట్టు ట్రాక్టర్‌లో పోసి మిల్లుకు పంపాలనే తొందర. వానాకాలం పంట కోతకు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో తుఫాన్లు లేస్తాయి, వరి పడిపోతుంది, మడి నిండా నీళ్లు. అంటే నేల బాగాలేని రోజుల్లోనే చైన్ మిషన్‌కు గిరాకీ. దారి బాగున్నప్పుడు ఎవరైనా నడుపుతారు, ఈ రోజుల్లో నడపడమే అసలు పని.

ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. చైన్ చేసేదేమిటంటే మట్టిని వెనక్కి నెట్టడం. ఆ మట్టి జరగకుండా నిలబడితేనే మిషన్ ముందుకు పోతుంది. మట్టి విరిగిపోయి జరిగిందా, చైన్ ఉన్నచోటే తిరుగుతుంది. కాబట్టి మిషన్‌కు ఎంత హార్స్‌పవర్ ఉన్నా పట్టు ఇచ్చేది మాత్రం కింది మట్టే, ఒకసారి విరిగిన తడి మట్టికి మళ్లీ ఆ బలం అదే రోజు రాదు. మనం చేసే ప్రతి పనీ ఆ మట్టిని విరగకుండా కాపాడుకోవడానికే అని గుర్తుపెట్టుకోండి.

ముందు మట్టి ఏ రకమో చూడండి

అన్ని నేలల్లో ఒకే మందు పని చేయదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. నల్లరేగడి తడిస్తే దాని బలమంతా బంక గుణంలోనే ఉంటుంది. మీరు ఎంత బరువు వేసినా అదనంగా పట్టు రాదు, ఎంత వెడల్పు జాగా చైన్ కింద ఉందో దాన్ని బట్టే పట్టు. బరువు పెరిగితే లోతుకు దిగడం ఒక్కటే జరుగుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ నేల, చెల్క, మొరం దీనికి పూర్తిగా వేరు. అక్కడ గింజకు గింజకు మధ్య రాపిడి వల్ల పట్టు వస్తుంది కాబట్టి బరువు పడినకొద్దీ పట్టు పెరుగుతుంది. అందుకే రేగడి బురదలో జారుతోందని మిషన్ వెనకాల ఇసుక బస్తాలు వేయడం, ఇద్దరు మనుషులను ఎక్కించడం దండగ, ప్రమాదం కూడా.

చౌడు భూములతో ఇంకా జాగ్రత్త. సోడియం వల్ల మట్టి రేణువులు విడివిడిగా కరిగిపోయి, చిన్న వాన పడ్డా పైపొర సబ్బు రాసినట్టు అవుతుంది. ఎండినప్పుడు చూసి గట్టి నేల అనుకుంటే మోసపోతారు.

అసలు చైన్ బండి పుట్టిందే మెత్తటి నేల కోసం. అమెరికాలో, కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ దగ్గరి డెల్టా పొలాల్లో ఆవిరి ట్రాక్టర్లు దిగబడుతుంటే, బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో వెనక చక్రాలు తీసేసి చెక్క పలకలు బిగించిన చైన్లు వేసి నడిపి చూశాడు. బరువును ఎక్కువ జాగా మీద పరచడమే అందులోని కిటుకు, ఇప్పటికీ అదే.

ఆ లెక్క మీరే వేసుకోవచ్చు. మూడు టన్నుల కోత మిషన్ ఉందనుకోండి, ఒక్కో చైన్ 45 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవున నేలకు ఆనుతోంది. రెండు చైన్లకు కలిపి 13,500 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.22 కిలోలు. వడ్ల ట్యాంకులో 600 కిలోలు నిండితే అదే 0.27 దాకా పోతుంది. ఇప్పుడు 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, పాదం జాగా 200 చదరపు సెంటీమీటర్లు వేసుకున్నా 0.3 అవుతుంది. అంటే మీ ఒంటికాలి కింద పడే ఒత్తిడి, నిండు ట్యాంకుతో ఉన్న మిషన్ వేసే ఒత్తిడికి కొంచెం పైనే. నేలను పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే ఇది సగటు లెక్క, కట్టర్ ముందు వైపు, ట్యాంకు ఒక పక్క ఉంటాయి కాబట్టి ఒక్కోచోట ఒత్తిడి ఇంతకు ఎక్కువే పడుతుంది, అందుకే కొంచెం సందు వదిలి ఆలోచించాలి.

మడిలోకి దించే ముందు ఒకసారి నడవండి

చెప్పులు విడిచి మడిలో అడ్డంగా, నిలువుగా నడవండి, అక్కడక్కడా ఒంటికాలి మీద ఆగండి. చీలమండ దాకా దిగి కింద గట్టిగా తగిలితే భయం లేదు. ఆ తగిలేది ఏళ్ల తరబడి కరిగెట్టడం (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) వల్ల ఏర్పడిన గట్టి పొర. వరి మడిలో మిషన్‌ను మోసేది నిజానికి అదీ, దాని మీద అల్లుకున్న వరి వేళ్ల పొరా. పిక్క దాకా దిగుతూ ఇంకా కింద ఏమీ తగలకపోతే అక్కడికి మిషన్ తీసుకుపోవద్దు. అనుమానం ఉంటే ఒక ఇనుప చువ్వ గుచ్చి, గట్టి పొర ఎంత లోతులో ఉందో కొలవండి. ఆ లోతు మిషన్ పొట్టకూ నేలకూ మధ్య ఉన్న ఎత్తు కంటే తక్కువ ఉండాలి, బాగా తక్కువ ఉండాలి. ఎక్కువైతే చైన్లు గట్టి నేలను అందుకోకముందే పొట్ట బురద మీద కూర్చుంటుంది.

రైతును అడగాల్సినవి అడగండి, సిగ్గుపడొద్దు. ఈ మడి ఎండాకాలంలో జేసీబీతో చదును చేయించారా? చేయిస్తే మట్టి తవ్విన వైపు కాదు, పోసిన వైపు మెత్తగా ఉంటుంది, గట్టి పొర అక్కడ ఇంకా కట్టలేదు. చెరువు మట్టి తోలారా? పాత బావి పూడ్చారా? బోరు పైపులైను కోసం కాల్వ తవ్వి మళ్లీ కప్పారా? ఇవి పైకి కనపడవు. పంట పచ్చగా ఒకే తీరుగా ఉంటుంది. పొలం దున్నే మనిషికి మాత్రం ఏ మూల ట్రాక్టర్ మూలుగుతుందో తెలుసు. "అన్నా, ఆ కాల్వ పక్క మూలకు పోకు, జాలుంటది, మేం కొడవళ్లతో కోసుకుంటం" అని రైతు అన్నాడంటే మారు మాట్లాడకుండా వినండి.

రైతు వైపు నుంచి చేయాల్సిన పని ఇంకా పెద్దది, నా దృష్టిలో మొత్తం పట్టులో సగం ఇక్కడే ఉంది. కోతకు ముందు నీళ్లు ఆపాలి. చెల్క, ఇసుక పాలున్న నేలల్లో వారం పది రోజుల ముందు, రేగడిలో పది పదిహేను రోజుల ముందు. గింజ గట్టిపడ్డాక నీళ్లు నిలబెట్టి ఉంచడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. కానీ జాలు మడుల్లో నీళ్లు ఆపినా నేల ఆరదు, ఎందుకంటే నీళ్లు పైనుంచి కాదు, పక్క నుంచి వస్తున్నాయి. అక్కడ కాల్వ వైపు, లేదా పై మడి వైపు ఒడ్డు వెంట ఒక జానెడు లోతు బోదె తీసి, ఊరిన నీళ్లన్నీ కింది మూలకు పోయేలా దారి ఇవ్వాలి. పై మడిలో నాటు ఉండి నీళ్లు పెడుతుంటే పక్క రైతుతో మాట్లాడుకుని రెండు మూడు రోజులు ఆపించుకోవడమే దారి. వాన పడ్డాక ఒడ్డుకు గండి కొట్టి నీళ్లు తీసేయడం అందరూ చేస్తారు, మడి మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లకు చిన్న పిల్లకాల్వ తీయడం మాత్రం మరిచిపోతారు. మిషన్ దిగబడేది ఆ గుంటల్లోనే.

చైన్ ఎలా ఉందో చూసుకోండి

రబ్బరు చైన్ మీద అడ్డంగా ఉండే పళ్లే మట్టిలోకి దిగి పట్టుకుంటాయి. కొత్త చైన్‌లో ఉన్న ఎత్తులో సగానికి అరిగాయంటే గట్టి నేల మీద ఇంకా ఒక సీజన్ నడుస్తుందేమో కానీ బురదకు పనికిరావు. అరిగిన చైన్ ఉన్న మిషన్‌ను ఎండిన చెల్క పొలాలకు పంపి, మంచి చైన్ ఉన్నదాన్ని ఆయకట్టు పొలాలకు పెట్టుకోవడం రెండు మూడు మిషన్లున్న ఓనర్లు చేయగలిగే తెలివైన పని.

పళ్ల ఎత్తు ఎంతున్నా వాటి మధ్య సందుల్లో మట్టి కూరుకుపోతే లాభం లేదు. రేగడి అలాగే చేస్తుంది, గడ్డితో కలిసి గట్టిగా పట్టేసి చైన్‌ను నున్నటి బెల్టులా మార్చేస్తుంది, అప్పుడు పళ్లు ఉన్నట్టా లేనట్టా. ప్రతి రెండు మూడు సాళ్లకు ఒకసారి దిగి చూడండి. సందులు నిండిపోతే గట్టి ఒడ్డు మీదికో, గడ్డి ఎక్కువున్న చోటికో తెచ్చి, ఇంజిన్ ఆపి, పారతోనో చెక్క ముక్కతోనో గీకేయండి. మిషన్ నడుస్తుండగా కర్ర పెట్టి గీకాలని చూడొద్దు, చైన్‌కూ, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌కూ మధ్య చెయ్యి ఇరుక్కుంటే మిగలదు.

చైన్ బిగువు ఇంకో పెద్ద విషయం. మరీ వదులైతే మలుపులో రోలర్ల మీద నుంచి తప్పుకుంటుంది, బురదలో తప్పిన రబ్బరు చైన్‌ను మళ్లీ ఎక్కించడం అంటే ఆ రోజు పని పోయినట్టే. మరీ బిగువైతే ఇంజిన్ శక్తి చైన్ తిప్పడానికే పోతుంది, బేరింగులు, సీళ్లు త్వరగా పోతాయి. మిషన్‌ను జాకీ మీద లేపి, కింద రోలర్లకూ చైన్‌కూ మధ్య ఎంత వేలాడుతుందో కొలిచి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన అంకెకు తేవాలి. మోడల్‌కు మోడల్‌కు ఆ అంకె మారుతుంది, పక్క మిషన్ చూసి బిగించకండి. పొక్లెయిన్ లాంటి ఇనుప చైన్‌కు మాత్రం బురదలో పనిచేసేటప్పుడు కొంచెం ఎక్కువ వదులు ఇస్తారు, ఎందుకంటే స్ప్రాకెట్ పళ్లలో మట్టి కూరుకుపోయినకొద్దీ చైన్ దానంతట అదే బిగుసుకుంటుంది. అందులో బిగువు గ్రీజు ఒత్తిడితో ఉంటుంది. వదులు చేసేటప్పుడు ఆ గ్రీజు వాల్వు ఎదురుగా ముఖం పెట్టొద్దు, ఒక్క చుట్టుకు మించి విప్పొద్దు, ఆ గ్రీజు తూటాలా వస్తుంది.

పట్టు కోసం రబ్బరు చైన్‌కు రంధ్రం వేసి బోల్టులు, ఇనుప పట్టీలు బిగించాలని కొందరు అడుగుతుంటారు. చేయొద్దు. లోపల ఉక్కు తీగలు ఉంటాయి, ఆ రంధ్రం గుండా నీళ్లు దిగి అవి తుప్పు పడతాయి, ఆ తర్వాత చైన్ ఒక్కసారిగా తెగుతుంది. ఇనుప చైన్‌కైతే అరిగిన పళ్ల మీద కొత్త పట్టీ వెల్డింగ్ చేయించడం మంచి పద్ధతే, కాకపోతే అన్ని ప్లేట్ల మీదా ఒకే ఎత్తు రావాలి, ప్లేటును ముందు వేడి చేసి, బాగా ఎండబెట్టిన 7018 రాడ్‌తో చేయాలి. ఏదో ఒక యాంగిల్ ముక్క నాలుగు ప్లేట్లకు అతికిస్తే మిషన్ ఎగిరెగిరి పడుతుంది, ప్లేటు బోల్టులు లూజవుతాయి.

ఇనుప చైన్‌కు వెడల్పు ప్లేట్లు వేయించుకుందామా అంటే, పని ఎక్కడో చూసుకోవాలి. పూర్తిగా మెత్తటి నేలలోనే పనైతే వేయించుకోండి. దేవరకొండ వైపో, పాలమూరు వైపో రాళ్ల నేలలో కూడా తిరిగే మిషన్‌కు వద్దు, వెడల్పు ప్లేటు అంచు రాయి మీద పడితే వంగుతుంది, మలుపులో చైన్ మీద భారం పెరుగుతుంది. దిగబడకుండా మోయడానికి ఎంత వెడల్పు సరిపోతుందో అంతే చాలు.

నడిపే చేతిలో ఉన్నది

మొదట, ఇంజిన్ నిండు స్పీడులో, నడక తక్కువ స్పీడులో. బురదలో ఆగి మళ్లీ లాగడం మొదలుపెట్టిన ప్రతిసారీ మట్టి మీద ఒక్కసారిగా దెబ్బ పడుతుంది, కాబట్టి ఒకే వేగంతో పోనివ్వండి. పడిపోయిన వరిలో గడ్డి ఎక్కువ లోపలికి వెళ్లి ఇంజిన్ కుంగుతుంటే వేగం తగ్గించండి, లేదంటే కట్టర్ సగం వెడల్పుతో కోయండి.

జారుతోందా లేదా అనేది వెనక్కి తిరిగి అచ్చు చూస్తే తెలిసిపోతుంది. పళ్ల అచ్చులు మెట్లలా విడివిడిగా, అంచులు తేలి కనపడుతుంటే మట్టి నిలబడుతోంది. అచ్చులు అలికేసినట్టు నున్నగా, పొడవుగా సాగి ఉంటే జారుతోంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే, చైన్ మీద సుద్దతో గుర్తు పెట్టి గట్టి నేల మీద చైన్ పది చుట్లు తిరిగితే ఎంత దూరం పోతుందో కొలవండి. మడిలో అదే పది చుట్లకు ఎంత పోయిందో చూడండి. 100 అడుగులు పోవాల్సింది 80 అడుగులే పోతే 20 శాతం జారుడు. కొద్దిగా జారకుండా ఏ చైనూ లాగదు, మట్టి కొంచెం నొక్కుకున్నాకే పట్టు వస్తుంది. కానీ 20 శాతం దాటుతోందంటే మట్టి విరిగిపోతోందని అర్థం, అక్కడి నుంచి యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గుంత లోతవుతుందే తప్ప ముందుకు పోదు.

మలుపులే అసలు ప్రమాదం. నేరుగా పోతున్న చైన్ తన కింది మట్టిని వెనక్కి మాత్రమే నెడుతుంది, మలుపు తిరిగే చైన్ అడ్డంగా కూడా గీకుతుంది, వేళ్ల పొరను చాపలా చుట్టి పక్కకు తోసేస్తుంది. ఒక చైన్ ఆపి ఇంకోటి తిప్పి ఉన్నచోటే గిర్రున తిరగడం గట్టి నేల మీద బాగుంటుంది, బురదలో అది గుంత తవ్వే పద్ధతి. లివర్ కొద్దికొద్దిగా లాగుతూ పెద్ద మలుపు తిప్పండి. జాగా లేకపోతే కొంచెం తిప్పి, నేరుగా వెనక్కి వచ్చి, మళ్లీ కొంచెం తిప్పండి, మూడు నాలుగు విడతల్లో పూర్తి చేయండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. మడి నాలుగు మూలల్లో ఏది గట్టిగా ఉందో ముందే చూసి, మలుపులన్నీ ఆ వైపే వచ్చేలా సాళ్లు పెట్టుకోండి.

నడిచిన జాడలోనే మళ్లీ నడవద్దు. మొదటిసారి వేళ్ల పొర మోస్తుంది, రెండోసారి అది చిరిగి ఉంటుంది, మూడోసారి ఏమీ ఉండదు. వడ్లు దించడానికి ఒడ్డుకు పోయే దారి ప్రతిసారీ చైన్ వెడల్పు అంత పక్కకు జరుపుతూ పోండి. ట్యాంకు నిండేదాకా ఆగకండి, బురద మడిలో సగం నిండగానే దించేయండి. ట్రాక్టర్ ట్రాలీ మడిలోకి రాలేదు కాబట్టి మిషనే ఒడ్డుకు నడవాలి, ఆ నడకలో బరువు తగ్గడమే మేలు. మెత్తటి భాగాన్ని చివరికి వదిలిపెట్టి, ఖాళీ ట్యాంకుతో నేరుగా లోపలికి పోయి, మలుపు తిప్పకుండా అదే దారిన నేరుగా వెనక్కి వచ్చేయండి. ఇక్కడ మాత్రం పాత జాడలోనే రావాలి, లోపల తిప్పడం కంటే అదే నయం.

ఒడ్డు దాటేటప్పుడు పారతో ఒడ్డును రెండు వైపులా ఏటవాలుగా చెక్కండి, సూటిగా ఎదురెక్కండి, ఏటవాలుగా ఎక్కితే ఒక చైన్ ముందే జారి మిషన్ పక్కకు తిరుగుతుంది. ముక్కు కిందికి వాలే క్షణంలో దాదాపు ఆపేసినంత నెమ్మదిగా ఉండండి.

పట్టు కోసం కింద ఏం వేయాలన్నది కూడా చెప్పాలి. విడి వరిగడ్డి తడి రేగడి మీద పలచగా వేస్తే అదే జారుతుంది, మందంగా వేసి కాలితో తొక్కి బురదలోకి దించాలి. అంతకంటే మంచిది పత్తికట్టె, కందికట్టె. మన జిల్లాలో పత్తికి కొదవ లేదు, వంటచెరుకుగా ఒడ్ల మీద కుప్పలు పెట్టి ఉంటారు. కట్టలు కట్టి చైన్ పోయే దిక్కుకు అడ్డంగా పక్కపక్కన పరిచి, పైన గడ్డి కప్పితే బరువు వెడల్పుగా పడుతుంది, పళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. తాటి మట్టలు, ఈత మట్టలు కూడా పని చేస్తాయి. సర్కారు తుమ్మ కంప రబ్బరు చైన్ కింద వేయొద్దు, నరికిన మొదలు సూదిలా ఉంటుంది.

దిగబడితే

మొదటిసారి కుంగినట్టు అనిపించగానే ఆపండి. ముందుకూ వెనక్కూ ఊపి ఊపి బయటపడదామనే ప్రయత్నం వల్లే సగం దిగిన మిషన్ పూర్తిగా దిగుతుంది. వచ్చిన దారినే నేరుగా ఒక్కసారి వెనక్కి ప్రయత్నించండి, రాకపోతే అక్కడికి ఆపేసి దిగండి.

తర్వాత బరువు తీయండి, ట్యాంకులో వడ్లను టార్పాలిన్ మీదికి దించండి. చైన్ల ముందు (వెనక్కి తీయాలనుకుంటే వెనక) మట్టిని ఏటవాలుగా తవ్వండి, అది నిటారు గోడలా ఉంటే ఏ చైనూ ఎక్కలేదు. పొట్ట కింద బురద పీల్చి పట్టుకుని ఉంటుంది, పక్క నుంచి పారతో కాల్వలా తీసి గాలి దూరేలా చేస్తే ఆ పట్టు వదులుతుంది. మిషన్ కిందికి మాత్రం మనిషి దూరొద్దు. ఆ తర్వాత పత్తికట్టె కట్టలు చైన్ కిందికి తోసి, నిదానంగా ప్రయత్నించండి.

లాగాల్సి వస్తే, లాగే బండి గట్టి నేల మీద ఉండాలి, దానికి తగినంత పొడవు రోపు తేవాలి. మిషన్‌కు ఇచ్చిన రెండు కొక్కేలకూ కట్టి, మధ్యలో నుంచి సూటిగా లాగండి. కట్టర్‌కో, నిచ్చెనకో కట్టి లాగితే అవి ఊడొస్తాయి. రోపు ముందు బిగువు చేసుకుని అప్పుడు లాగాలి, జెర్కులు ఇవ్వొద్దు. రోపు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ ఉండకూడదు, పిల్లలు చూడటానికి వస్తారు, ముందే పంపించేయండి. రోపు మధ్యలో తడి గోనె సంచులు వేస్తే తెగినా ఎగిరే వేగం తగ్గుతుంది.

1917లో బ్రిటిష్ సైన్యం మార్క్ 4 యుద్ధ ట్యాంకుల మీద ఒక బరువైన దూలం పెట్టుకుని తిరిగేది. బురదలో కూరుకుపోతే దాన్ని రెండు చైన్లకూ అడ్డంగా గొలుసుతో కట్టి చైన్ తిప్పితే, దూలం కిందికి పోయి నేలను పట్టుకుని ట్యాంకును పైకి లేపేది. పొక్లెయిన్‌కు కొందరు ఇప్పటికీ తాటి మొద్దుతో ఇదే చేస్తారు, పని చేస్తుంది, కానీ మొద్దు వెనక వైపు పైకి రాకముందే ఆపి విప్పేయాలి. కోత మిషన్‌కు ఈ పని వద్దే వద్దు, చైన్ పైన జాగా ఉండదు, మొద్దు పైకొచ్చి బాడీని చీలుస్తుంది.

చెరువులో, మొరం మీద

చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే లోపలి నేలలో) పైన పగుళ్లిచ్చి ఎండినట్టు కనపడుతుంది, కింద రెండు అడుగుల్లో జావ. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైన 2015 నుంచి ఎన్ని చెరువుల్లో పూడిక తీశారో మనకు తెలుసు, ఒకసారి తవ్వి వదిలిన చోట మళ్లీ చేరిన ఒండ్రు మరీ మెత్తగా ఉంటుంది. పొక్లెయిన్‌కు ఉన్న వరం బకెట్. ముందుకు కదిలే ముందు బకెట్ వీపుతో నేలను నొక్కి చూడండి, బకెట్ సులువుగా దిగిపోతే చైన్ కూడా దిగుతుంది. నిండు బకెట్‌ను పక్కకు తిప్పితే బరువంతా ఒక చైన్ మీద పడుతుంది, మెత్తటి చోట వీలైనంత చైన్ల దిక్కుకే తవ్వి, టిప్పర్‌ను ఆ తీరుగా నిలబెట్టుకోండి. దిగబడితే బకెట్‌ను నేలకు నొక్కి ఒక పక్క చైన్ లేపి కింద మొద్దులు, రాళ్లు నింపి, రెండో పక్క కూడా అలాగే చేసి, బకెట్‌తో లాక్కుంటూ బయటికి రండి.

పాలమూరు ఎర్ర నేలల్లో తొలకరికి వచ్చే జారుడు వేరే రకం. కింద మొరం గట్టిగా ఉంటుంది, పైన వేలెడు మందం తడిసి జిడ్డవుతుంది. ఇక్కడ దిగబడే భయం లేదు, వాలులో పక్కకు జారిపోయే భయం. వెడల్పు చైన్ ఇక్కడ నష్టం, ఆ జిడ్డు మీద తేలుతుంది. పదునైన ఇనుప పళ్లు జిడ్డును కోసి కింది మొరాన్ని అందుకోవాలి. బకెట్‌తో ఆ పైపొరను గీకేస్తే సగం సమస్య పోతుంది. వాలులో అడ్డంగా నడవద్దు, సూటిగా ఎక్కి సూటిగా దిగండి. పరుపు బండ మీదైతే ఇనుప చైన్ ఎండలో కూడా జారుతుంది, అర అడుగు మొరం పోసి దాని మీద నడపండి.

చివరగా, లారీకి ఎక్కించడం. పొలం అంతా క్షేమంగా తిరిగిన మిషన్ ఇక్కడ బోల్తా పడిన సందర్భాలున్నాయి. బురద పట్టిన రబ్బరు చైన్, తడిసిన ఇనుప ర్యాంపు కలిస్తే పట్టు అసలు ఉండదు. ర్యాంపు పొడవు లారీ బెడ్ ఎత్తుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలి, అప్పుడు వాలు 15 డిగ్రీల లోపు ఉంటుంది. చైన్ కడిగి, ర్యాంపు మీద మట్టి తుడిచి, కొక్కేలు సరిగా తగిలాయో లేదో చూసి, ర్యాంపు చివర నేల మెత్తగా ఉంటే చెక్క వేసి, ట్యాంకు ఖాళీగా ఉందని చూసుకుని ఎక్కించండి. ఎక్కాక ర్యాంపు మీద లివర్ లాగి దిక్కు సరిచేయాలని చూడొద్దు, వంకరగా పోతోందనిపిస్తే మెల్లగా కిందికి దించి, నేల మీద సరిచేసుకుని మళ్లీ ఎక్కించండి. ముందు ఒక మనిషి సైగలు చేయాలి, పక్కనా వెనకా ఎవరూ ఉండకూడదు. రాత్రికి లారీ మీదే మిషన్ ఉంచేస్తే రోలర్లలో, స్ప్రాకెట్లలో ఉన్న బురద, చుట్టుకున్న గడ్డి అప్పుడే తీసేయండి, తెల్లారేసరికి రేగడి ఇటుకలా గట్టిపడి సీళ్లను కోసేస్తుంది.